డీలియా పేరు

నాకు కట్, పేస్ట్ అంటే రెండు కీలు. డీలియా డెర్బిషైర్‌కి బ్లేడూ టేపూ.

1937లో కావెంట్రీలో పుట్టింది. కేంబ్రిడ్జ్‌లో గణితం, సంగీతం చదివింది. ఆడవాళ్లకి స్టూడియోలో ఉద్యోగాల్లేవని డెక్కా కంపెనీ పంపించేస్తే, తర్వాత బీబీసీలో చేరింది.

1963లో డాక్టర్ హూ సీరియల్‌కి టైటిల్ మ్యూజిక్ కావాల్సొచ్చింది. ట్యూన్ రాన్ గ్రైనర్‌ది. సింథసైజర్ లేదు, మల్టీట్రాక్ లేదు. తీగ మీటిన శబ్దం, ఆసిలేటర్ల కూత రికార్డు చేసి, ఒక్కో స్వరానికీ టేపు ముక్క కొలిచి, కోసి, అతికించింది. అది విన్న రాన్, ఆమె పేరు కూడా వేయమన్నాడు. బీబీసీ ఒప్పుకోలేదు. తెర మీద రాన్ పేరు, ఆమె పనిచేసే వర్క్‌షాప్ పేరు మాత్రమే పడ్డాయి.

ఆమె 2001లో చనిపోయింది. 2013లో, సీరియల్ యాభై ఏళ్ల ఎపిసోడ్‌లో, ఆ పేరు పడింది.

మొన్న మా ప్రాజెక్ట్ రిపోర్టు మొదటి పేజీలో పేర్లు టైప్ చేశాక, ఇంకోసారి లెక్కపెట్టుకున్నా.