నులిపురుగుల శాస్త్రమునకు ఆద్యుడు: నేథన్ కాబ్

ఏపుగా పెరుగవలసిన పైరు కారణము తెలియకుండ క్రుంగిపోవును. ఆకులు పసుపుబారును, కాయలు చిన్నవగును. రైతు నీరు పెట్టును, ఎరువు వేయును, ఫలితము కానరాదు. మొక్కను పెఱికి చూచినచో వేళ్లపై బుడిపెలు కనబడును. వానిలో దాగియున్న శత్రువు కంటికి కానరాని నులిపురుగు. వంగ, టమాట తోటలు పెంచు తెలుగు రైతులకును ఈ బాధ తెలిసినదే. ఇట్టి సూక్ష్మజీవులను మట్టిలో వెదకి పట్టి, వాని స్వరూపమును లోకమునకు ఎఱుకపఱచుటకై జీవితమును ధారవోసిన మహనీయుడు నేథన్ అగస్టస్ కాబ్.

కాబ్ 1859వ సంవత్సరము జూన్ 30వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, స్పెన్సర్ అను ఊరిలో జన్మించెను. తల్లిదండ్రులకు అతడొక్కడే సంతానము. ఇంట సంపద లేదు. అతడు బాల్యమునుండి పొలము పనులు చేయుచు, చాలవఱకు స్వయంకృషిచేతనే విద్య గడించెను. వూస్టర్ నగరమునందలి సాంకేతిక విద్యాలయమున చదివి 1881లో పట్టము పొందెను. పిమ్మట విల్లిస్టన్ అను పాఠశాలలో రసాయనశాస్త్రమును బోధించెను. ఆ ఏటనే ఆలిస్ ప్రాక్టర్ అను యువతిని వివాహమాడెను.

ఉద్యోగము నిలుకడగనే యుండెను. ఐనను జ్ఞానతృష్ణ ఆయనను ఊరకుండనీయలేదు. 1887లో కొలువు విడిచి, భార్యాబిడ్డలతో జర్మనీదేశమునకేగి, జేనా విశ్వవిద్యాలయమున చేరెను. హెకెల్ వంటి మేటి జీవశాస్త్రజ్ఞులు అప్పుడచట ఉండిరి. మఱుసటి యేటనే నులిపురుగుల శరీరనిర్మాణముపై గ్రంథము వ్రాసి డాక్టరు పట్టము గడించెను.

1889లో కాబ్ కుటుంబముతో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు చేరెను. అచట ఆయనకు ఉద్యోగము సిద్ధముగా లేదు. పరదేశము, భార్యాబిడ్డల పోషణభారము. పెద్దచదువులు చదివిన ఆ పండితుడు కొంతకాలము దొరకిన పని నెల్ల చేసెను. పనిని చిన్నదని తలపలేదు. తుదకు 1890లో న్యూసౌత్‌వేల్స్ వ్యవసాయశాఖ ఆయనను సస్యరోగ నిపుణునిగా నియమించెను.

ఆ పదవిలో ఆయన రైతుల కష్టములను తన కష్టములుగా భావించెను. గోధుమను నాశనము చేయు కుంకుమ తెగులును పరిశీలించెను. చెఱకు గడలనుండి బంక కారు రోగమునకు కారణము బాక్టీరియాయని 1893లో ప్రకటించెను. తరువాతి పరిశోధకులు ఆ మాటను ధ్రువపఱచిరి. ఆ సంవత్సరముననే, ఫిజీ దీవులనుండి వచ్చిన అరటివేళ్లలో ఒక నులిపురుగును కనిపెట్టి వర్ణించెను. వేళ్లలో సొరంగములు త్రవ్వి చెట్టునే కూలద్రోయు ఆ పురుగు నేటికిని ఉష్ణదేశములలో అరటిసాగుకు పెనుశత్రువు.

1905లో కాబ్ హవాయి దీవులకేగి చెఱకు రోగములను శోధించెను. 1907లో స్వదేశమునకు మరలి, వాషింగ్టనులోని వ్యవసాయశాఖలో చేరెను. తొలుత ప్రత్తి నాణ్యమును నిర్ణయించు ప్రమాణములకై పాటుపడెను. ఐనను ఆయన మనస్సు నులిపురుగులనే వీడలేదు.

ఒక చిక్కు ఆయన యెదుట నిలిచెను. కోట్లకొలది మట్టిరేణువుల నడుమ, పారదర్శకమై, చాలవఱకు ఒక మిల్లీమీటరు పొడవైనను లేని పురుగును పట్టుటెట్లు? గృహిణి బియ్యములోని రాళ్లను గాలించు నేర్పు వంటి ఉపాయమునే ఆయన ప్రయోగించెను. మట్టిని నీటిలో బాగుగా కలియబెట్టి, కొలది క్షణములు ఆగవలెను. బరువైన ఇసుక అడుగునకు దిగును. తేలికయగు పురుగులు నీటిలో తేలుచుండును. ఆ పైనీటిని పెద్ద కన్నుల జల్లెడనుండి క్రమముగా సన్నని జల్లెడల గుండ వంచినచో, పురుగులు తుది జల్లెడలపై నిలుచును. 1918లో ఆయన వివరించిన ఈ పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో వాడుకలోనున్నది. పురుగును రెండు ప్రక్కలనుండియు చూచుటకు వీలైన లోహపు పలకలను సహితము ఆయన రూపొందించెను.

1913లో ఆయన నారింజజాతి చెట్ల వేళ్లను పట్టి పీడించు పురుగునకు నామకరణము చేసెను. ఆడపురుగు తన ముందుభాగమును వేరిలోనికి చొప్పించి, వెనుకభాగమును వెలుపల నుంచి, చెట్టు సారమును పీల్చును. సగము చొచ్చునది యను అర్థము దాని పేరులోనే నిలిపెను. మఱుసటి యేడు, ఈ జీవుల అధ్యయనము ప్రత్యేకశాస్త్రముగా వర్ధిల్లవలెనని తలచి, దానికి నెమటాలజీ యను పేరు పెట్టెను. ప్రపంచమునందలి సమస్తము మాయమై నులిపురుగులు మాత్రమే మిగిలినను, కొండలు, నదులు, చెట్లు ఎచ్చటనుండెనో వానినిబట్టి గుర్తింపవచ్చునని 1915లో వెలువడిన ఒక వ్యాసమున తెలిపెను. అల్పమనుకొన్న జీవి ఎంతగా భూమినాక్రమించినదో లోకము అప్పుడు గ్రహించెను.

కాబ్ 1932వ సంవత్సరము జూన్ 4వ తేదీన బాల్టిమోర్ నగరమున పరమపదించెను. సిడ్నీలో జన్మించిన ఆయన కుమార్తె ఫ్రీడా మొక్కల వంశపారంపర్యమును శోధించి శాస్త్రజ్ఞురాలిగా పేరు గాంచెను. ఆ వంశపారంపర్య విద్యయే కాలక్రమమున తండ్రి శాస్త్రమునకును తోడు నిలిచెను. 2008లో వేరుబుడిపె నులిపురుగులలో రెండు జాతుల జన్యువుల క్రమమును శాస్త్రజ్ఞులు పూర్తిగా చదివిరి. మొక్క కణముల గోడలను కరిగించు రసములను ఈ పురుగులే తయారుచేయునని, అందుకు వలయు జన్యువులలో కొన్ని పూర్వకాలమున బాక్టీరియానుండి వానికి సంక్రమించినవని వారు నిర్ణయించిరి. శత్రువు ఆయుధము తెలిసినచో దానిని ఎదుర్కొను మార్గమును తెలియగలదు. ఆ పురుగులకు లొంగని వంగడములను సాధించుటకు ఈ జ్ఞానము తోడ్పడుచున్నది.

నేడు శాస్త్రజ్ఞులు ఈ జీవుల అంతరంగమునే చదువుచున్నారు. కాని చదువవలసిన పురుగును మొదట మట్టినుండి వేఱుచేసి, గుర్తుపట్టి, పేరు పెట్టుట ఆవశ్యకము. ఎవ్వరును లెక్కింపని జీవిని లెక్కించి, ఎవ్వరును చూడని చోట చూచినవాడు కాబ్. వేళ్ల చాటున జరుగు నష్టమునకు కారణమెఱుంగక కుమిలిపోవు రైతునకు ఆయన చేసిన ఉపకారము చిరస్మరణీయము.