చీకటిలోనూ చేయి విడువని స్నేహం: విలియం కూపర్ జీవితం

ఇమ్మానుయేలు రక్తపు ఊటను గూర్చిన కీర్తన మన తెలుగు సంఘాల్లో చాలామందికి పరిచయమే. ఆ కీర్తనను ఇంగ్లీషులో రాసింది విలియం కూపర్ అనే కవి. పాపక్షమాపణను గురించి అంత నిశ్చయతతో రాసిన ఈయన, తన జీవితపు చివరి 27 ఏళ్లూ దేవుడు తనను తోసివేశాడనే నమ్మకంతోనే బతికారు. ఒకటికంటే ఎక్కువసార్లు తన ప్రాణం తానే తీసుకోబోయారు. ఈ సంగతిని దాచిపెడితే ఆయన గౌరవం ఏమీ పెరగదు. చెప్పుకుంటే మాత్రం, ఆదివారం ఆరాధనలో మన పక్కనే కూర్చుని లోలోపల నలిగిపోతున్నవారికి కొంత మేలు జరగవచ్చు.

కూపర్ 1731లో ఇంగ్లండులోని బర్క్‌హామ్‌స్టెడ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి అక్కడి సంఘ కాపరి. ఆరేళ్ల వయసులో తల్లి కాన్పు తర్వాత చనిపోయింది. ఆ దుఃఖం ఆయనను ముసలితనం వరకూ వెంటాడింది. తల్లి పోయిన కొద్దికాలానికే హాస్టలు ఉన్న బడికి పంపారు. అక్కడ తనకంటే పెద్దవాడైన ఒక కుర్రవాడు ఆయనను క్రూరంగా వేధించాడు. తర్వాత లండనులోని వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్లో చదివి, ఇంటివారి కోరిక మేరకు న్యాయశాస్త్రంలోకి వెళ్లారు. 1754లో న్యాయవాదిగా అర్హత పొందారు గాని, ఆ వృత్తి మీద మనసు నిలవలేదు.

ఆ అర్హత రావడానికి ముందే, ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వయసులో మొదటిసారి కుంగుబాటు వచ్చింది. రాత్రీ పగలూ తెలియని దిగులు, ఇష్టమైన పుస్తకాల మీద కూడా విరక్తి. కొన్ని నెలల తర్వాత అది తగ్గింది. దగ్గరి బంధువుల అమ్మాయి థియోడొరాను ప్రేమించారు. ఆమె తండ్రి పెళ్లికి ఒప్పుకోలేదు. పైకి మామూలుగా కనిపించే ఆ జీవితంలో, లోపలి పగులు అలాగే ఉండిపోయింది.

1763లో బంధువు ఒకాయన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో మంచి ఉద్యోగం చూపించారు. కానీ ఆ నియామకానికి అభ్యంతరాలు రావడంతో, సభ ముందు నిలబడి పరీక్షకు జవాబులు చెప్పాల్సి వచ్చింది. అందరి ఎదుట నిలబడాలన్న భయం నెలల తరబడి పెరిగి, తట్టుకోలేనంతైంది. ఆ స్థితిలో కూపర్ పలుమార్లు ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించి, బతికి బయటపడ్డారు. బతికినందుకు ఊరట కలగకపోగా, తాను చేసిన పనికి క్షమాపణే లేదన్న భయం పట్టుకుంది. ఆ డిసెంబరులో ఆయనను సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లోని వైద్యుడు నథానియేల్ కాటన్ దగ్గర చేర్చారు.

ఆ రోజుల్లో మానసిక రోగులంటే లోకానికి జాలి తక్కువ. లండనులోని బెడ్లమ్ ఆసుపత్రికి జనం వినోదం కోసం వచ్చి రోగులను చూసిపోయేవారు. గొలుసులు వేయడం, రక్తం తీయడం, వాంతులు చేయించడం అప్పటి వైద్యంలో మామూలు. కాటన్ మాత్రం కొద్దిమంది రోగులనే తన దగ్గర ఉంచుకుని, దయతో చూసేవారు. ఆయన వైద్యుడు, కవి, విశ్వాసి కూడా. కూపర్ అక్కడ దాదాపు ఏడాదిన్నర ఉన్నారు. విశ్రాంతి, మంచి తిండి, ఓర్పుగా మాట్లాడే డాక్టరు, వీటి మధ్య మెల్లగా కోలుకున్నారు. 1764లో ఒక రోజు బైబిలు తెరవగా రోమా పత్రిక 3వ అధ్యాయం 25వ వచనం కనబడింది. క్రీస్తు రక్తం తన పాపాలకు ప్రాయశ్చిత్తమని ఆ క్షణం నమ్మగలిగారు. ఆ తర్వాత రాసిన కీర్తనల్లో ఆ వచనపు సంతోషం వినిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ వచనం ఆయన చెవిన పడేనాటికి నెలల తరబడి వైద్య సంరక్షణ జరిగి ఉంది. దేవుడు కాటన్ చేతినీ వాడుకున్నాడు, తన వాక్యాన్నీ వాడుకున్నాడు. ఇందులో ఏది గొప్పదని తూకం వేయాల్సిన పని మనకు లేదు.

1765లో కూపర్ హంటింగ్‌డన్ అనే ఊరు చేరి, అన్విన్ అనే కాపరి కుటుంబంతో కలిసి ఉండసాగారు. రెండేళ్లకు ఆ కాపరి గుర్రం మీదనుంచి పడి మరణించారు. ఆయన భార్య మేరీ అన్విన్‌తోనూ పిల్లలతోనూ కూపర్ ఓల్నీ అనే చిన్న ఊరికి వెళ్లారు. అందుకు కారణం అక్కడి కాపరి జాన్ న్యూటన్. ఒకప్పుడు బానిసలను మోసిన ఓడకు కెప్టెన్, తర్వాత సువార్తికుడు, అమేజింగ్ గ్రేస్ రచయిత. ఓల్నీలో ఎక్కువమంది లేసులు అల్లుకుని బతికే పేదలు. వాళ్ల ఇళ్లకు న్యూటన్, కూపర్ కలిసి వెళ్లేవారు, కలిసి ప్రార్థన కూటాలు జరిపేవారు. ప్రార్థన కూటాల కోసం ఇద్దరూ కీర్తనలు రాయడం మొదలుపెట్టారు.

1773 జనవరిలో చీకటి మళ్లీ కమ్మింది. దేవుని మార్గాలు మనకు మర్మమైనవని చెప్పే ప్రసిద్ధ కీర్తనను కూపర్ అప్పటికి కాస్త ముందే రాశారని చెబుతారు. ఫిబ్రవరిలో ఆయనకొక కల వచ్చింది. దేవుడు తనను శాశ్వతంగా విడిచిపెట్టాడని ఆ కలలో విన్నట్టు నమ్మారు. ఆ రోజు తర్వాత ఆయన ఇక ఆరాధనకు వెళ్లలేదు. ప్రార్థించే హక్కు తనకు లేదనుకున్నారు. సువార్త అబద్ధమని మాత్రం ఏనాడూ అనలేదు. అది అందరికీ నిజమే, తనకొక్కడికే వర్తించదన్నదే ఆయన బాధ. ఆ ఏడాది శరదృతువులో మళ్లీ ప్రాణం తీసుకునే ప్రయత్నం చేశారు.

న్యూటన్ అప్పుడు ఏం చేశారన్నది మనం చూడాలి. ఏప్రిల్‌లో కూపర్ ఒక్కసారిగా న్యూటన్ ఇంటికి వచ్చి, తిరిగి వెళ్లనన్నారు. న్యూటన్ దంపతులు ఏడాదికి పైగా ఆయనను తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. మేరీ అన్విన్ రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉంది. విశ్వాసం తప్పిపోయాడని న్యూటన్ ఆయనను వెలివేయలేదు. నీ పాపమే దీనికి మూలమని నిందించలేదు. ఎంత మాట్లాడినా ఆ నమ్మకం మారదని తెలిశాక కూడా పక్కనే ఉన్నారు.

న్యూటన్ కఠిన బోధే కూపర్‌ను పిచ్చివాణ్ణి చేసిందని తర్వాతికాలంలో కొందరు రాశారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. మొదటి రెండుసార్లు జబ్బు వచ్చింది ఆయన న్యూటన్‌ను చూడకముందే. తప్పు బోధ చేత వచ్చిన జబ్బూ కాదు, విశ్వాసం తక్కువై వచ్చిన జబ్బూ కాదు. అది జబ్బు. జ్వరం నోటి రుచిని మార్చినట్టు, ఈ జబ్బు మనిషికి తన మీదా తన దేవుని మీదా ఉన్న అభిప్రాయాన్నే మార్చేస్తుంది. రోగి చెప్పే మాటలు రోగపు మాటలని గుర్తించగలిగితే, వాదించడం తగ్గించి సేవ చేయడం పెంచుతాం.

1774లో కొంచెం తేరుకున్నాక చేతులకు పని కల్పించుకున్నారు. పొరుగువారు ఇచ్చిన కుందేలు పిల్లలను పెంచారు. వడ్రంగం నేర్చుకున్నారు, తోట వేశారు, దోసకాయలు పండించారు. మేరీ అన్విన్ ప్రోత్సాహంతో కవిత్వం రాశారు. 1779లో న్యూటన్, కూపర్ల ఓల్నీ కీర్తనల సంపుటం వెలువడింది. అందులోని 348 కీర్తనల్లో అరవైకి పైగా కూపర్‌వి. 1785లో వచ్చిన ద టాస్క్ అనే కావ్యం ఆయనకు దేశమంతటా పేరు తెచ్చింది. 1788లో బానిసత్వానికి వ్యతిరేకంగా రాసిన పద్యాలు ఆ ఉద్యమానికి బలమిచ్చాయి. హోమర్ కావ్యాలను ఇంగ్లీషులోకి అనువదించి 1791లో ప్రచురించారు. దేవుడు తనను విడిచాడని నమ్ముతూనే ఇంత పని చేశారు.

ఈ కథకు సుఖాంతం లేదు. 1787లో జబ్బు మళ్లీ వచ్చింది, మళ్లీ ప్రాణాపాయం తప్పింది. తర్వాత మేరీ అన్విన్‌కు పక్షవాతం వచ్చింది. అన్నేళ్లు తనను కాచిన ఆమెను ఇప్పుడు కూపర్ కాచారు. 1794 నుంచి ఆయన పూర్తిగా కుంగిపోయారు. మరుసటి ఏడాది బంధువైన జాన్ జాన్సన్ ఇద్దరినీ నార్ఫోక్ తీసుకెళ్లి చూసుకున్నారు. 1796 డిసెంబరులో మేరీ కన్నుమూసింది. 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డీర్హమ్‌లో కూపర్ మరణించారు. చివరి రోజుల వరకు తనకు నిరీక్షణ లేదనే అనుకున్నారు.

అలాంటివాని రక్షణ ఏమిటని కొందరు అడుగుతారు. మన రక్షణ మనం దేవుణ్ణి ఎంత గట్టిగా పట్టుకున్నామన్న దాని మీద ఆధారపడితే మనలో ఎవరికీ నిరీక్షణ లేదు. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అయినా అది మన బైబిల్లోనే ఉంది. ఏలీయా బదరీ వృక్షం కింద కూర్చుని చావును కోరినప్పుడు దేవుడు ఆయనను గద్దించకుండా, మొదట నిద్రపోనిచ్చి రొట్టె, నీళ్లు పంపాడు. ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతనే.

కూపర్‌కు దొరకనిది ఈనాడు మనకు దొరుకుతోంది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం పనిచేస్తుందని చూపారు. 1950లలో డిప్రెషన్‌కు మందులు వచ్చాయి. వీటి సంగతి నిజాయితీగా మాట్లాడుకుందాం. డిప్రెషన్ మాత్రలు వేసుకున్న రోజే గుణం చూపవు, చాలామందికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోపు వికారం, తలనొప్పి, నిద్ర తేడాలు, లోపలి అలజడి రావచ్చు. కొన్నింటితో బరువు పెరగవచ్చు, దాంపత్య కోరిక తగ్గవచ్చు. లిథియం వాడేవారికి రక్తపరీక్షలు తప్పనిసరి. పిల్లల్లోనూ యువతలోనూ మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు చనిపోవాలన్న ఆలోచనలు కొందరికి పెరగవచ్చు. అందుకే అమెరికా ఎఫ్‌డీఏ 2004లో పిల్లల విషయంలోనూ, 2007లో 24 ఏళ్ల వరకు యువత విషయంలోనూ ఈ మందుల మీద హెచ్చరిక ముద్రించాలంది. ఆ హెచ్చరిక మందు పారేయమని కాదు, ఆ వారాల్లో దగ్గరుండి కనిపెట్టుకోమని. వైద్యం లేని డిప్రెషన్ కూడా ప్రాణాపాయమే.

మన కూటాల్లో ప్రార్థన జరిగింది కాబట్టి ఇక మాత్రలు మానేయమని చెప్పేవారున్నారు. అది విశ్వాసపు మాట కాదు. డాక్టరుకు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపేస్తే తలతిరగడం, అలజడి మొదలై, జబ్బు తిరగబెట్టవచ్చు. మందు పడకపోతే డాక్టరుతో చెప్పి మార్పించుకోవచ్చు, మెల్లగా తగ్గించుకోవచ్చు. షుగరు మాత్ర వేసుకునే పెద్దాయనను మనం అవిశ్వాసి అనం. మనసు మాత్ర వేసుకునే చెల్లినీ అనకూడదు.

ఎవరైనా మాట తగ్గించి, ఆరాధనకు రావడం మానేసి, తాను అందరికీ బరువయ్యానని అంటుంటే, చావాలనిపిస్తోందా అని నేరుగా, నెమ్మదిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. ఒంటరిగా వదలకండి. హాని చేసుకోగల వస్తువులు చేతికి అందకుండా చూడండి. డాక్టరు దగ్గరకు మీరే తోడుగా వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రయత్నించి బతికినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని, శిక్షించకుండా వారికి సంరక్షణ ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. సంఘం చట్టం కంటే కఠినంగా ఉండకూడదు.

ఇమ్మానుయేలు రక్తపు ఊట కీర్తనను కూపర్ రాసింది 1763 తర్వాత. ఆ డిసెంబరులో ఆయనను ఒక మంచి వైద్యుని దగ్గర చేర్చినవారు లేకపోతే, ఆ తర్వాతి 36 ఏళ్లూ ఒకరి తర్వాత ఒకరు ఆయన పక్కన నిలవకపోతే, ఆ పాట మనకు అందేది కాదు. ఈసారి దాన్ని పాడుతున్నప్పుడు, కొద్దివారాలుగా ఆరాధనలో కనబడనివారు ఎవరో గుర్తుచేసుకోండి. ఆ మధ్యాహ్నమే వారి ఇంటికి వెళ్లి, కాసేపు కూర్చుని రండి.