బాలబంధువు డాన్ బోస్కో

తప్పు చేసిన విద్యార్థిని దండించి దారికి తేవడం ఒక పద్ధతి. తప్పుదారిలో అడుగుపెట్టకముందే అతనికి తోడుగా నిలవడం మరొక పద్ధతి. మొదటిదానికి బెత్తమూ, గంభీరమైన ముఖమూ ఉంటే చాలును. రెండవదానికి ఉపాధ్యాయుడు తన కాలాన్నీ, ఓర్పునూ, హృదయాన్నీ కూడా వెచ్చించవలసి ఉంటుంది. ఆ రెండవ పద్ధతిని నమ్మి, దానికోసం జీవితమంతా ధారపోసిన కాథలిక్ మతగురువు జాన్ బోస్కో. ఇటలీలో మతగురువులను డాన్ అని గౌరవంగా పిలుస్తారు. కనుక లోకానికి ఆయన డాన్ బోస్కోగానే పరిచితుడైనాడు.

ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ సీమలో, కాస్తెల్‌నువోవో గ్రామానికి చేరిన బెక్కి అనే చిన్న పల్లెలో 1815 ఆగస్టు 16న ఆయన జన్మించాడు. రెండేండ్లు నిండకముందే తండ్రి మరణించాడు. తల్లి మార్గరీతాకు చదువు రాదు. అయినా ఆమె సవతి కుమారుడు ఆంతోనియోనూ, తన కుమారులు జోసెఫ్, జాన్‌లనూ, వృద్ధురాలైన అత్తగారినీ రెక్కల కష్టంతో పోషించింది. పొలం పనిచేయవలసిన చేతికి పుస్తకమెందుకని ఆంతోనియో తమ్ముని చదువుకు అడ్డుపడేవాడు. ఆ కలహం పెరిగి పెద్దదై, పసితనంలోనే జాన్ ఇల్లు విడిచి, పరాయివారి కమతంలో పాలేరుగా పనిచేయవలసి వచ్చింది. ఇంటికి దూరమైన పిల్లవాని మనస్సు ఎట్లా ఉంటుందో ఆయనకు పుస్తకాలవల్ల తెలిసినది కాదు.

తొమ్మిదేండ్ల ప్రాయంలో తనకు వచ్చిన కలను ఆయన జీవితాంతం మరువలేదు. ఒక మైదానంలో పిల్లలు తిట్టుకుంటూ కొట్టుకుంటూ ఉన్నారు. జాన్ వారిమీద కలియబడి పిడికిళ్లతో వారిని మాన్పించబోయినాడు. అప్పుడొక మహనీయమూర్తి ప్రత్యక్షమై, వీరిని గెలువవలసినది దెబ్బలతో కాదు, సౌమ్యతతోనని బోధించాడట. మెలకువ వచ్చిన తరువాత జాన్ తనకు చేతనైనదే మొదలుపెట్టాడు. సంతలలో గారడీవాండ్ల విద్యలను నిశితంగా గమనించి, తాడుమీద నడవడం, పిల్లిమొగ్గలు వేయడం నేర్చుకున్నాడు. పల్లె పిల్లలను పోగుచేసి వాటిని ప్రదర్శించేవాడు. చూచినందుకు రుసుము ఒక్కటే: తనతో కలిసి ప్రార్థన చేయడం, చర్చిలో తాను విన్న ప్రసంగాన్ని తిరిగి చెబితే కూర్చుని వినడం.

ఆ రోజులలో దారిలో మతగురువులు ఎదురైతే జాన్ దూరంనుంచే వందనం చేసేవాడు. వారు మర్యాదగా ప్రతివందనం చేసి తమ దారిన తాము పోయేవారు. ఆగి ఒక మంచిమాట పలికేవారు కారు. తాను గురువునైతే పిల్లల చెంతకు తానే పోయి పలకరిస్తానని బాలుడు తల్లితో చెప్పుకొని బాధపడేవాడు. కలోస్సో అనే వృద్ధ గురువు మాత్రం అతనిని చేరదీసి లాటిను నేర్పాడు. 1830లో ఆయన కన్నుమూయగా జాన్‌కు రెండవమారు తండ్రిని పోగొట్టుకున్నట్లయింది.

1831లో కియేరీ పట్టణంలో చదువు సాగింది. కుట్టుపనిచేసీ, కాఫీ దుకాణంలో ఊడిగం చేసీ పొట్టపోసుకుంటూనే, తోటి విద్యార్థులతో ఆనంద సంఘమనే మిత్రమండలిని స్థాపించాడు. విధులను శ్రద్ధగా నెరవేర్చడమూ, దిగులును దరిచేరనీయకపోవడమూ దాని నియమాలు. 1835లో గురువిద్యాలయంలో ప్రవేశించాడు. అక్కడా ఆయనకు ఎదురైనది ఆ పాత దూరమే. అధికారుల ముఖం విద్యార్థి చూచేది సంవత్సరాదిని, సంవత్సరాంతాన, లేదా మందలింపు పడవలసినప్పుడు మాత్రమే. 1841 జూన్ 5న గురుపట్టం స్వీకరించేనాటికి తాను ఎట్టి గురువు కారాదో ఆయనకు స్పష్టంగా తెలుసు.

ట్యూరిన్ అప్పటికి పెరుగుతున్న నగరం. కొండపల్లెలనుంచి తాపీపనికీ, పొగగొట్టాలు తుడిచే పనికీ పిల్లలు ఒంటరిగా వచ్చి పడుతుండేవారు. తన గురువు జోసెఫ్ కఫాస్సో వెంట డాన్ బోస్కో చెరసాలలకు వెళ్లి, 12 మొదలు 18 ఏండ్లలోపు బాలురు అక్కడ మగ్గుతుండడం చూచాడు. విడుదలైనవారే మళ్లీ తిరిగి రావడం ఆయనను మరింత కలచివేసింది. బయట వారికి మిత్రుడంటూ ఒకడున్నట్లయితే వీరు ఇక్కడికి వచ్చేవారా అన్న ప్రశ్నే ఆయన విద్యాతత్త్వానికి పునాది అయింది.

1841 డిసెంబరు 8న పునీత ఫ్రాన్సిస్ అస్సీసీ దేవాలయంలో ఆయన పూజకు సిద్ధమవుతుండగా, బర్తొలొమేయో గరెల్లి అనే తాపీపని కుర్రవాడు లోపలికి తొంగిచూచాడు. పూజలో సహాయం చేయడం రాదన్నాడని కోవెల పరిచారకుడు అతనిని కొట్టి తరిమాడు. డాన్ బోస్కో ఆ కుర్రవాడు తన స్నేహితుడని చెప్పి వెనుకకు పిలిపించాడు. పూజ ముగిసిన తరువాత కూర్చుండబెట్టి మాటాడించాడు. తల్లిదండ్రులు లేరు, చదవడం రాదు, వ్రాయడం రాదు, పాడడం రాదు. ఈల వేయడం వచ్చునా అని అడిగేసరికి కుర్రవాడు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు తరువాతనే పాఠం మొదలైంది. మరుసటి ఆదివారం అతడు తోటివారిని వెంటబెట్టుకొని వచ్చాడు.

ఆ గుంపు వందలకు పెరిగింది. అల్లరి భరించలేక ఒకచోటివారు పొమ్మంటే మరొక చోటికి తరలుతూ, చివరకు 1846 ఈస్టరునాటికి వాల్దొక్కో పేటలో ఒక పాకలో స్థిరపడింది. అదే సంవత్సరం నవంబరులో తల్లి మార్గరీతా పల్లె విడిచి కుమారుని వద్దకు వచ్చి, తన పెండ్లినాటి నగలను కూడా ఆ పిల్లలకోసమే వెచ్చించింది. 1847లో వానలో తడిసి వచ్చిన ఒక అనాథ బాలునికి ఆమె వంటయింట పడక వేసి, నిద్రకు ముందు నాలుగు హితవాక్యాలు చెప్పింది. పగలంతా ఏమి జరిగినా బాలుడు మంచిమాటతో నిద్రపోవాలన్న ఆ ఆచారం నేటికీ డాన్ బోస్కో విద్యాలయాలలో నిలిచి ఉన్నది.

పనికి కుదిరిన పిల్లల యజమానులతో ఆయన లిఖితపూర్వకంగా ఒడంబడికలు వ్రాయించేవాడు. 1852నాటి అట్టి పత్రాలలో పిల్లవానిని మాటతోనే దిద్దవలెను గాని కొట్టరాదనీ, వృత్తికి చెందని చాకిరి చేయించరాదనీ, ఆదివారం విశ్రాంతి ఇవ్వవలెననీ షరతులున్నాయి. తరువాత స్వయంగా చెప్పులు కుట్టడం, దర్జీపని, వడ్రంగం, ముద్రణ నేర్పే కర్మశాలలను నెలకొల్పాడు. వాటితోపాటు ఉన్నత పాఠశాల తరగతులూ పెరిగాయి. 1863లో మిరబెల్లో గ్రామంలో ట్యూరిన్‌కు వెలుపల తొలి విద్యాలయాన్ని తెరచి, దానికి యువకుడైన మైకేల్ రువాను అధిపతిగా పంపుతూ, నిన్ను చూచి భయపడడంకంటె నిన్ను ప్రేమించేటట్లు చేసుకొమ్మని వ్రాసి ఇచ్చాడు.

ఆ ప్రేమ చూపు ఎంత సూక్ష్మమో తెలుసుకొనడానికి మైకేల్ మగోనే వృత్తాంతం చాలును. 1857లో కర్మాన్యోలా రైలు స్టేషనువద్ద అల్లరిమూకకు నాయకుడుగా కనబడిన ఈ బాలుని డాన్ బోస్కో తన విద్యాలయానికి రప్పించాడు. కొన్నాళ్లు ఆటలన్నిటిలో అతడే ముందు. తరువాత మెల్లగా ఆటలు మానివేశాడు. ఒక మూల నిలిచి కన్నీరు పెట్టుకొనేవాడు. పాఠం తప్పలేదు, నియమం మీరలేదు. దండించే పద్ధతిలో అతడు ఎవరి కంటా పడడు. డాన్ బోస్కో మాత్రం ఆటలో లేని పిల్లవానిని చూచాడు. గద్దించక, పిలిచి, ఏడువనిచ్చి, మనస్సాక్షిలో ఉన్న భారాన్ని దించుకొనే మార్గం చూపాడు. మగోనే మళ్లీ ఆటస్థలానికి పరుగెత్తాడు. దొమినిక్ సావియో విషయమూ అట్టిదే. భక్తి పేరిట శీతకాలంలో సరియైన దుప్పటి లేకుండా శరీరాన్ని హింసించుకోబోతే ఆయన వారించి, కర్తవ్యాన్ని ఉల్లాసంతో చేయడమే నీ తపస్సని బోధించాడు. ఈ ఇద్దరు బాలురూ చిన్నవయస్సులోనే మరణించగా, వారి జీవితచరిత్రలను డాన్ బోస్కోయే రచించాడు.

1859లో సలేషియన్ సభకు అంకురార్పణ జరిగింది. 1877లో నివారణ పద్ధతిని గూర్చి ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. వివేకం, మతం, వాత్సల్యం ఆ పద్ధతికి మూడు స్తంభాలు. కోపంలో దండించరాదు, పదిమందిలో అవమానించరాదు, కొట్టనే కూడదు. తనను ప్రేమించే గురువు ఒకపూట చల్లగా చూడకపోవడమే పిల్లవానికి తగినంత శిక్ష. విద్యార్థులను ఎన్నడూ కనుమరుగు చేయరాదన్న ఆయన నియమం నేటివారికి కొంత కఠినంగా తోచవచ్చును. ఐతే ఆయన కోరిన కన్ను కావలివాని కన్ను కాదు, తండ్రి కన్ను.

సభ దేశదేశాలకు వ్యాపించింది, విద్యాలయాలు పెరిగాయి. కాని 1884 మే 10న రోమునుంచి తనవారికి ఆయన పంపిన లేఖలో సంతోషం లేదు, వేదన ఉన్నది. ఒక కల రూపంలో రెండు ఆటస్థలాలను ఆయన వర్ణించాడు. పూర్వపు దానిలో గురువులూ పిల్లలూ కలిసి పరుగులు తీస్తున్నారు. ఇప్పటి దానిలో పిల్లలు స్తంభాలకు ఆనుకొని విసుగుతో నిలిచి ఉన్నారు. గురువులు తమలో తాము ముచ్చటించుకుంటున్నారు. వారు పిల్లలను ప్రేమించడం లేదా? ప్రేమిస్తున్నారు, రాత్రింబవళ్లు కష్టపడుతున్నారు. కాని పిల్లలను ప్రేమిస్తే చాలదు, తమను ప్రేమిస్తున్నారని పిల్లలకు తెలియాలి అని ఆ లేఖ సారాంశం. తాను బాల్యంలో బెక్కి దారులలో అనుభవించిన దూరం తన ఇంటనే మొలకెత్తడం వృద్ధాప్యంలో ఆయన చూడవలసి వచ్చింది. దానిని దాచక చెప్పడంలోనే ఆయన గొప్పతనం ఉన్నది.

1888 జనవరి 31న డాన్ బోస్కో ట్యూరిన్‌లో పరమపదించాడు. 1934లో పోపు 11వ పయస్ ఆయనను పునీతునిగా ప్రకటించాడు. ఆయన అనుయాయులు 1906లో తంజావూరు చేరి మనదేశంలో సేవ ప్రారంభించారు. ఇల్లు విడిచి రైళ్లెక్కి వచ్చే పిల్లలకోసం విజయవాడలో 1989లో వెలసిన నవజీవన బాలభవన్ ఆ మగోనే కథకు తెలుగునాట కొనసాగింపు.

పాఠశాలలో గంట కొట్టగానే ఉపాధ్యాయుని పని ముగిసినట్లు మనం తలుస్తాము. డాన్ బోస్కో దృష్టిలో అప్పుడే అసలు పని ఆరంభమవుతుంది. ఆటస్థలంలో ఏ పిల్లవాడు ఆడడం లేదో చూడడానికి ధనం అక్కరలేదు, గొప్ప భవనాలు అక్కరలేదు. అక్కడికి నడిచి పోవడం చాలును.