సత్యాన్వేషి స్పినోజా

విశ్వాసము, తర్కము అను రెండును మానవ హృదయమునందే పుట్టినవి. తల్లి ఒడిలో విన్న కథను నమ్ముట ఎంత సహజమో, పెద్దవాడైన పిదప అది నిజమా యని ప్రశ్నించుటయు అంతే సహజము. అయినను ఈ రెంటికిని పొత్తు కుదురుట దుర్లభము. నమ్మినవాడు ప్రశ్నించువానిని నాస్తికుడనును. ప్రశ్నించువాడు నమ్మినవానిని మూఢుడనును. తన మతగ్రంథమును అక్షరమక్షరము పరీక్షించి, అందువలన బంధువులను, సంఘమును కోల్పోయియు, భక్తితో బ్రదుకు సామాన్యుని నమ్మికను చెరుపబూనని ధీరుడొకడు పదునేడవ శతాబ్దమున హాలెండు దేశమున వెలసెను. ఆయనయే బారుక్ స్పినోజా.

స్పినోజా 1632 నవంబరు 24వ తేదీన ఆంస్టర్‌డాము నగరమున జన్మించెను. మన దేశమును షాజహాను పాదుషా ఏలుచుండిన కాలమది. డచ్చి వర్తకులు అప్పటికే మచిలీపట్నమున కోఠీ నెలకొల్పుకొని, తెలుగునాటి నేతగాండ్రు నేసిన బట్టలను ఓడలకెక్కించుచుండిరి. ఆ వర్తకమునకు ముఖ్యస్థానము ఆంస్టర్‌డాము. ఆ నగరమునకు సరకులతోపాటు శరణార్థులును వచ్చి చేరిరి. 1497లో పోర్చుగలు రాజు తన రాజ్యమందలి యూదులను బలవంతముగా క్రైస్తవులను చేసెను. పిదప మతవిచారణ న్యాయస్థానము లేర్పడి, చాటుమాటుగా యూదాచారములు పాటించువారిని పట్టి శిక్షించుచుండెను. కొందరిని సజీవముగా దహించుటయు కలదు. ఆ బాధలకు తాళలేక వలసవచ్చిన కుటుంబములలో స్పినోజావారి కుటుంబమొకటి. తండ్రి మైకేలు వర్తకుడు. తల్లి హన్నా దెబోరా, కుమారునికి ఆరేండ్లు నిండకముందే మరణించెను. బారుక్ అనగా హీబ్రూ భాషలో ఆశీర్వాదము పొందినవాడని అర్థము.

బాల్యమున స్పినోజా యూదుల సంఘపాఠశాలలో హీబ్రూ భాషను, మోషే పేర వెలసిన అయిదు కాండములను, ప్రవక్తల గ్రంథములను, వానిపై ప్రాచీనులు వ్రాసిన వ్యాఖ్యానములను శ్రద్ధతో అభ్యసించెను. ఆయన సందేహములు చదువు లేమివలన పుట్టినవి కావు. నిండుగా చదువుటవలన పుట్టినవి. ఆ వ్యాఖ్యాతలలో 12వ శతాబ్దమునకు చెందిన ఇబ్ను ఎజ్రా యను స్పెయిను దేశపు పండితుడొకడు. మోషే వ్రాసెనని చెప్పబడు కాండములలో మోషే వ్రాసియుండజాలని వాక్యములు కొన్ని కలవని ఆయన గూఢముగా సూచించి, తెలిసినవాడు మౌనము వహించుటయే మేలని ఊరకుండెను.

మాటలాడినవాని గతి యెట్లుండునో స్పినోజా పసితనముననే ఆ నగరమున కనబడెను. ఊరియేలు దకోస్తా యను యూదుడు మతాచార్యుల ఆచారములు మూలగ్రంథమునకు విరుద్ధములని వాదించి వెలికి గురియయ్యెను. ఏండ్ల తరబడి ఏకాకియై కృశించి, 1640లో క్షమాపణకు లోబడెను. సమాజమందిరములో అందరి యెదుట కొరడాతో 39 దెబ్బలు తిని, గడపపై పరుండగా జనులతనిని దాటి నడచిరి. ఆ అవమానమును భరింపలేక అతడు తుపాకితో ప్రాణము తీసికొనెను. అప్పటికి స్పినోజాకు ఏడేండ్లు.

1654లో తండ్రి మరణింపగా, స్పినోజా తమ్ముడు గాబ్రియేలుతో కలిసి వర్తకమును నడపెను. ఫ్రాన్సిస్ వాన్ డెన్ ఎండెన్ అను ఉపాధ్యాయునియొద్ద లాటిను భాషను నేర్చెను. లాటిను వచ్చుటతో డెకార్టు మొదలగు తత్త్వవేత్తల గ్రంథములు అందుబాటునకు వచ్చెను. స్పష్టముగా తెలిసినదానినే సత్యముగా గ్రహింపవలయునను డెకార్టు బోధను ఆయన గట్టిగా పట్టుకొనెను. మందిరమునకు పోవుట తగ్గెను. ఆయన ఆలోచనలు నలుగురి నోటబడెను. పైకి ఆచారము పాటించుచు ఊరకుండినచో ఏటేట కొంత ధనమిత్తుమని పెద్దలు చెప్పి పంపగా, ఆయన నిరాకరించెనని పూర్వపు చరిత్రకారులు వ్రాసిరి.

1656 జులై 27వ తేదీన సంఘపెద్దలు ఆయనను వెలివేసిరి. నాటికి ఆయన వయస్సు 23 ఏండ్లు. ఎవ్వరును ఆయనతో మాటలాడరాదు, ఉత్తరము వ్రాయరాదు, ఒకే కప్పు క్రింద నుండరాదు, నాలుగు మూరల దూరములోనికి పోరాదు, ఆయన వ్రాసినదేదియు చదువరాదు. ఆయన చేసిన తప్పేమో ఆ శాసనమున వివరింపబడలేదు. ఘోరమైన అపసిద్ధాంతములని మాత్రము కలదు. పెద్దలు క్రూరులై ఈ పని చేసిరనుట న్యాయము కాదు. పరదేశమున తలదాచుకొన్న ప్రజ వారిది. తమలో దైవనింద పుట్టినదని నగరపాలకులు తలచినచో ఉన్న నీడయు పోవునను భయము వారికుండెనని చరిత్రకారులనేకులు చెప్పుదురు. అయినను వెలి వెలియే. తోబుట్టువులకు సైతము ఆయన పరాయివాడాయెను. క్షమాపణ వేడి తిరిగి చేరుటకు ఆయన ప్రయత్నింపలేదు. మరియొక మతమున చేరనులేదు. ఆ కాలమున ఏ మతమునకును చెందక బ్రదుకుట బహు అరుదైన సాహసము.

స్పినోజా జీవనోపాధికై గాజు కటకములను సానపట్టుపని చేపట్టెను. దూరదర్శినులకును, సూక్ష్మదర్శినులకును వలయు కటకములవి. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడైన హైగెన్స్ ఆయన పనితనమును మెచ్చెను. ఆంస్టర్‌డామును విడిచి మొదట రైన్స్‌బర్గు గ్రామమునను, 1663 నుండి ఫోర్‌బుర్గు గ్రామమునను నివసించెను. సైమన్ డి వ్రీస్ అను మిత్రుడు ఏటేట 500 ఫ్లోరినులు ఇచ్చునట్లు ఏర్పాటు చేయగా, తనకంత యక్కరలేదని 300 మాత్రమే స్వీకరించెనందురు. పగలు సానపట్టుట, రాత్రులు వ్రాయుట ఆయన నిత్యకృత్యము. 1663లో డెకార్టు సిద్ధాంతములను వివరించు గ్రంథము వెలువడెను. జీవితకాలమున తన పేరుతో ఆయన ప్రకటించిన పుస్తకము అదియొక్కటియే.

1664 డిసెంబరులో విల్లెం బ్లెయెన్‌బర్గు అను ధాన్యపు వర్తకుడు ఆయనకు ఉత్తరము వ్రాసెను. దేవుడే సమస్తమునకు కారణమైనచో పాపమునకును ఆయనయే కారణమగునా యని అతని ప్రశ్న. స్పినోజా సంతోషముతో దీర్ఘమైన ప్రత్యుత్తరమిచ్చెను. తరువాతి లేఖలో వర్తకుడు తన నియమమును తెలిపెను. తన బుద్ధికి తోచినదానికిని దైవవాక్యమునకును విరోధము కలిగినచో, తాను బుద్ధినే అనుమానించునుగాని వాక్యమును విడువడు. స్పినోజా మార్గమో దీనికి పూర్తిగా విరుద్ధము. స్పష్టముగా నిరూపింపబడినదానిని సందేహించుట ఆయనకు అసాధ్యము. మొదటి మెట్టుననే భేదము కలిగినప్పుడు పైమెట్లపై వాదించి ప్రయోజనము లేదని తెలిపి, కొన్ని నెలలకు ఆయన ఆ లేఖలను చాలించెను. విశ్వాస తర్కముల వివాదమంతయు ఈ ఇరువురి జాబులలో ఇమిడియున్నది. ఆ వర్తకుడు మందమతి కాడు. స్పినోజా అహంకారియు కాడు. న్యాయాధిపతి ఎవరన్న విషయముననే వారికి పొసగలేదు.

ఆ మరుసటి యేటనే స్పినోజా ఈ సమస్యను గూర్చి పెద్ద గ్రంథము నారంభించెను. దైవశాస్త్ర రాజనీతి వివేచన మనదగు ఆ లాటిను గ్రంథము 1670లో వెలువడెను. దానిపై గ్రంథకర్త పేరు లేదు. అచ్చయినది ఆంస్టర్‌డాములోనైనను హాంబర్గు నగరమని అబద్ధపు స్థలము ముద్రింపబడెను. అందుకు బలమైన కారణము కలదు. ఆయన మిత్రుడు ఆడ్రియాన్ కూర్‌బాగు ఇట్టి భావములనే జనసామాన్యమునకు తెలియు డచ్చి భాషలో వ్రాసి, 1668లో పదేండ్ల కారాగారశిక్షకు గురియై, మరుసటి సంవత్సరమే చెరలో మరణించెను.

ప్రకృతిని పరిశోధించు విధముననే ధర్మగ్రంథమునుగూడ పరిశోధింపవలయునని స్పినోజా ప్రతిపాదించెను. పుస్తకమును చదువువాడు మొదట దాని భాషను ఎరుగవలయును. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు, ఎవరికొరకు వ్రాసిరి, ఎవరి చేతులమీదుగా అది వచ్చెను అని విచారింపవలయును. తన తలపులను గ్రంథమున చొప్పించి, అవి దానినుండి వెలువడినవని చెప్పరాదు. ఈ పద్ధతితో ఆయన మోషే కాండములను పరీక్షించెను. ద్వితీయోపదేశకాండము చివర మోషే మరణము, ఆయన సమాధి నేటివరకు ఎవరికిని తెలియదన్న మాటయు కలవు. తన మరణమును, తరువాతి కాలమును మనుష్యుడెట్లు వర్ణించును? ఆదికాండమున అబ్రాహాము శత్రువులను దాను అను ఊరివరకు తరిమెనని యున్నది. ఆ ఊరికి ఆ పేరు అబ్రాహామునకు అనేక తరముల తరువాత వచ్చెనని న్యాయాధిపతుల గ్రంథమే చెప్పుచున్నది. ఇశ్రాయేలీయులకు రాజులు లేకముందు ఎదోమునేలిన రాజుల పట్టిక కలదు. ఇశ్రాయేలీయులకు రాజులు కలిగిన పిదపనేగాని ఆ మాట పుట్టదు. ఇట్టివానిని వరుసగా చూపి, ఇవి మోషే తరువాత అనేక శతాబ్దములకు ఒక చరిత్రకారుడు కూర్చినవని, ఆతడు బహుశః ఎజ్రా యని ఆయన నిర్ణయించెను. ఇబ్ను ఎజ్రా మౌనమునకు 500 ఏండ్ల పిదప అర్థము వెలువడెను.

అద్భుతముల విషయమున ఆయన మరింత నిష్కర్షగా మాటలాడెను. ప్రకృతినియమములు దైవశాసనములే గనుక వానిని అతిక్రమించునదేదియు జరుగదని ఆయన సిద్ధాంతము. యెహోషువ కాలమున సూర్యుడు నిలిచెనన్న కథనుబట్టి ఖగోళమును నేర్వబూనుట పొరపాటు. యెహోషువ యోధుడుగాని ఖగోళజ్ఞుడు కాడు. ప్రవక్తలు గొప్ప ఊహాశక్తియు ధర్మనిష్ఠయు కలవారు, శాస్త్రజ్ఞులు కారు. ప్రజల భయమును పెంచి, దానిపై అధికారము నిలుపుకొను మతాచార్యులను ఆయన తీవ్రముగా ఖండించెను.

అట్లయిన ఆ గ్రంథమున మిగిలినదేమి? స్పినోజా సమాధానమే ఆయనను కేవల ఖండనకారులనుండి వేరుచేయుచున్నది. పుట పుటకును మారక, పాఠభేదములకు చెడక, పామరునికిని తెలియునట్లు ఆ గ్రంథము చెప్పునది ఒకటి కలదు. న్యాయముగా నడువవలయును, పొరుగువానిని ప్రేమింపవలయును. ధర్మగ్రంథము పని అదియే. సృష్టిరహస్యములను నిరూపించుట దాని పని కాదు. అది తర్కము పని. తర్కము విశ్వాసమునకు దాసి కారాదు; విశ్వాసమును తర్కమునకు దాసి చేయరాదు. మనుష్యుని భక్తిని అతని నడవడినిబట్టి తూచవలయునుగాని అభిప్రాయములనుబట్టి తూచరాదు. కావున తలపోయుటకును, తలచినది చెప్పుటకును ప్రజలకు స్వాతంత్ర్య మిచ్చినచో రాజ్యమునకు గాని భక్తికి గాని హాని లేదని గ్రంథము ముగియును.

కర్త ఎవరో లోకమునకు త్వరలోనే తెలిసెను. నాలుగుదిక్కులనుండి ఖండనములు వచ్చెను. ధాన్యపు వర్తకుడు బ్లెయెన్‌బర్గు సైతము ఒక ఖండనగ్రంథమును వ్రాసెను. 1672లో ప్రభుత్వనాయకులైన డి విట్ సోదరులను హేగు నగరమున అల్లరిమూక చంపెను. 1673లో హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి ఇత్తుమని వర్తమానము వచ్చెను. స్థాపితమైన మతమునకు భంగము కలిగింపరాదన్న సూచన అందుండెను. ఆ హద్దు ఎచటనో తనకు తెలియదని స్పినోజా మర్యాదగా ఆ పదవిని తిరస్కరించెను. 1674లో హాలెండు ప్రభుత్వము ఆయన గ్రంథమును నిషేధించెను. దైవమును ప్రకృతిని ఒక్కటిగా నిరూపించు నీతిశాస్త్రమును రేఖాగణితపద్ధతిలో రచించియు, ప్రతికూలపు పుకార్లు వినబడగా 1675లో దానిని అచ్చువేయింపక ఆపెను.

చివరి సంవత్సరములు హేగు నగరమున హెండ్రిక్ వాన్ డెర్ స్పైక్ అను చిత్రకారుని ఇంట అద్దెగదిలో గడచెను. ఆ ఇంటివారు లూథరు మతస్థులు. ఇల్లాలికి జబ్బు చేసినపుడు ఆయన ఓదార్చుచుండెడివాడు. పిల్లలను గుడికి పొండని, తలిదండ్రుల మాట వినుడని బుద్ధి చెప్పుచుండెడివాడు. ఒకనాడా ఇల్లాలు తన మతముతో తనకు మోక్షము కలుగునా యని అడిగెను. ఆమె మతము మంచిదేయని, శాంతముగాను భక్తితోను జీవించినచో మరియొక దానిని వెదకనక్కరలేదని ఆయన చెప్పెను. మోషే రచనను కాదన్న మేధావి ఈ మాట చెప్పుట కపటమని కొందరందురు. కాని ఆయన గ్రంథమున వ్రాసినదియు, వంటయింటి గడపయొద్ద చెప్పినదియు ఒక్కటియే. పండితులతో వాదించునపుడు ప్రమాణము కావలయును. ఆమె విషయమున నడవడియే ప్రమాణము. ఈ సంగతులను సేకరించి 1705లో ప్రకటించిన కొలెరస్ అను లూథరు మతబోధకుడు స్పినోజా సిద్ధాంతములను ఏవగించినవాడు. అయినను ఆ జీవితమున మచ్చను చూపలేకపోయెను.

ఊపిరితిత్తుల వ్యాధితో స్పినోజా 1677 ఫిబ్రవరి 21వ తేదీన, 44 ఏండ్ల వయస్సున మరణించెను. ఆయన విడిచిన ఆస్తిలో ముఖ్యమైనవి సానపట్టు పనిముట్లు, సుమారు 160 పుస్తకములు. మిత్రులు ఆ యేటనే ఆయన వ్రాతలను అచ్చొత్తించిరి. మరుసటి యేట అవియు నిషేధింపబడెను. నిషేధము నిలువలేదు. జర్మను కవి గేటే ఆయనను ఆరాధించెను. 1929లో ఐన్‌స్టయిను తన దైవభావన స్పినోజా భావనయే యని ప్రకటించెను. 1880లో హేగు నగరమున ఆయన విగ్రహము నెలకొల్పబడెను. వెలిని ఎత్తివేయవలయునా యని 2015లో ఆంస్టర్‌డాము నగరమున చర్చ జరిగెను. అది అప్పుడును ఎత్తివేయబడలేదు.

ఆయన నిర్ణయములన్నియు అందరికి సమ్మతము కానక్కరలేదు. ధాన్యపు వర్తకుని ప్రశ్న నేటికిని బ్రదికియే యున్నది. కాని పూజించు గ్రంథమునైనను తెరచి, ఎవరు వ్రాసిరి, ఎందుకు వ్రాసిరి అని నిర్భయముగా చదువవచ్చునని, చదివిన పిదప పొరుగువాని నమ్మికను గౌరవింపవచ్చునని ఆయన జీవితము చూపెను. ఆయన వ్రాసినదేదియు చదువరాదని పెద్దలు శాసించిరి. నేడు ఆ పుస్తకములు దేశదేశముల గ్రంథాలయములలో చదువరుల చేతులలో నున్నవి.