వీధి బడుల లెక్క తీసిన పాలకుడు సర్ థామస్ మన్రో

(జూలై 6 మన్రో వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

రాయలసీమలో మన్రో దొర పేరు వినని పల్లె అరుదు. రైత్వారీ పద్ధతిని నెలకొల్పిన కలెక్టరుగా, ప్రజలు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా అభిమానించిన అధికారిగా ఆయన ప్రసిద్ధుడు. అయితే మద్రాసు రాజధానిలోని గ్రామాలలో ఎన్ని బడులున్నవి, ఎందరు పిల్లలు చదువుకుంటున్నారు, వారికి రాత, లెక్కలు ఏ మేరకు అబ్బుతున్నవి అన్న విషయాన్ని ప్రభుత్వపరంగా తొలిసారి విచారింపజేసిన పాలకుడు కూడా ఆయనే. ఆయన జీవితంలోని ఈ అధ్యాయం తగినంతగా ప్రచారానికి నోచుకోలేదు.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో గణితం, రసాయన శాస్త్రం ఆయనకు ప్రీతిపాత్రమైన విషయాలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వల్ల తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, 1780లో మద్రాసు చేరుకున్నాడు. 1792 నుంచి 1799 వరకు నేటి కుప్పానికి పొరుగున ఉన్న బారామహల్ ప్రాంతంలో రెవిన్యూ వ్యవహారాలు నేర్చుకున్నాడు. 1800లో నిజాము కంపెనీకి వదలివేసిన దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా నియమితుడై 1807 వరకు పనిచేశాడు. మదనపల్లె ప్రాంతం ఆ దత్త మండలాలలోనిదే.

పాళెగాళ్లను అణచివేసి, భూములను సర్వే చేయించి, ప్రతి రైతుకు విడిగా శిస్తు నిర్ణయించడం ఆయన చేపట్టిన ప్రధాన కార్యం. 33 అడుగుల గొలుసుతో పొలాన్ని కొలిచేవారు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల ఒక గుంట. అటువంటి 40 గుంటలు ఒక ఎకరం. రైతు తన ఖాతాకు తానే బాధ్యుడైన ఈ పద్ధతిలో లెక్క తెలియని రైతు కరణం చెప్పినదానినే నమ్మవలసి వచ్చేది. తాను నిర్ణయించిన శిస్తు అధికంగా ఉన్నదని గుర్తించి, నాలుగో వంతు తగ్గించవలసిందిగా 1807లో మన్రో స్వయంగా సిఫారసు చేశాడు. ఆయన గవర్నరు అయ్యేవరకు అది అమలుకు నోచుకోలేదు.

1820 జూన్‌లో మద్రాసు గవర్నరుగా బాధ్యతలు స్వీకరించిన మన్రో, 1822 జూన్ 25న విద్యా స్థితిగతులపై విచారణకు ఆదేశించాడు. ప్రతి జిల్లా కలెక్టరు తన పరిధిలోని బడుల సంఖ్య, విద్యార్థుల సంఖ్య, బోధనాంశాలు, జీతాల వివరాలు పంపవలసి ఉండెను. మదనపల్లె నాడు కడప జిల్లాలోనిది. పుంగనూరు జమీందారీ, కుప్పం కేంద్రంగా గల కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. కడప జిల్లాలో 494 బడులు, 5,892 మంది విద్యార్థులు, ఉత్తర ఆర్కాటులో 630 బడులు, 7,326 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క తేలింది. అనగా రెండు జిల్లాలలోనూ సగటున బడికి పన్నెండు మంది మాత్రమే.

బళ్లారి కలెక్టరు, తెలుగు వ్యాకరణకర్త అయిన ఎ.డి. కాంబెల్ 1823లో పంపిన నివేదిక ఆనాటి గణిత బోధనను కళ్లకు కట్టింది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పిదప ఒకటి నుంచి నూరు వరకు అంకెలు, కూడిక, తీసివేత, గుణకారం నేర్చేవారు. భిన్నాలపై ప్రత్యేక శ్రద్ధ ఉండేది. అవి పదులుగా కాక నాలుగు భాగాలుగా విడిపోతూ ఉండేవి. ఒకటిలో నాలుగో వంతు కాలు, కాలులో నాలుగో వంతు వీసం. ఎక్కాలు, కొలతలు, తూనికలు మనసున నిలిచేలా పిల్లలందరూ రోజుకు రెండుసార్లు వరుసగా నిలబడి, పెద్ద విద్యార్థి చెప్పగా వల్లించేవారు. పేదరికం పెరిగి, పాలకుల పోషణ తరిగి ఈ బడులు క్షీణిస్తున్నవని కూడా కాంబెల్ ప్రభుత్వం దృష్టికి తెచ్చాడు.

జిల్లాల నివేదికలన్నిటినీ క్రోడీకరించి 1826 మార్చి 10న మన్రో తన అభిప్రాయ పత్రాన్ని వెలువరించాడు. సుమారు 1 కోటి 28 లక్షల జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. వారిలో బాలురు 1,84,110 మంది. బాలికలు కేవలం 4,540 మంది. బడి ఈడు బాలురలో నాలుగో వంతుకు కొంచెం మించి మాత్రమే బడికి వెళుతున్నారని, ఇంటివద్ద చదివేవారిని కలిపితే అది మూడో వంతుకు చేరువ కావచ్చునని ఆయన అంచనా వేశాడు. అయ్యవారికి నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేకపోవడమే బోధన నాసిగా ఉండడానికి ముఖ్య కారణమని గుర్తించాడు.

దీనికి ఆయన సూచించిన పరిష్కారం కూడా లెక్కతో కూడినదే. జిల్లా కేంద్రాలలో 40 బడులు పెట్టి ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, తహసీళ్లలో 300 బడులు పెట్టి ఉపాధ్యాయునికి నెలకు 9 రూపాయలు జీతం ఇవ్వాలని ప్రతిపాదించాడు. మద్రాసు పాఠ్యపుస్తక సంఘానికి నెలకు 700 రూపాయలు కేటాయించాడు. మొత్తం వ్యయం సాలుకు 48,000 రూపాయలు. 1826లోనే ప్రజా విద్యా సంఘం ఏర్పాటైంది.

ప్రణాళిక ఫలితాలను చూసే అవకాశం మన్రోకు దక్కలేదు. పదవి విడిచి స్వదేశానికి వెళ్లే ముందు దత్త మండలాల ప్రజలను చివరిసారి చూడాలని పర్యటనకు వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరా వ్యాధితో కన్నుమూశాడు. ఆ తరువాత ప్రభుత్వ దృష్టి ఇంగ్లీషు విద్య వైపు మళ్లింది. ఆయన ప్రతిపాదించిన తహసీలు బడులు 1836లో రద్దయ్యాయి. వీధి బడి పిల్లవాని ఎక్కాలు మళ్లీ తల్లిదండ్రులు ఇచ్చుకునే అణాల మీదనే ఆధారపడ్డాయి.

ప్రాథమిక విద్య ప్రభుత్వ బాధ్యత అన్న భావన చట్టరూపం దాల్చడానికి 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వరకు, హక్కుగా మారడానికి 2010 ఏప్రిల్ 1న విద్యా హక్కు చట్టం అమలయ్యే వరకు నిరీక్షించవలసి వచ్చింది. బడి ఈడు పిల్లల్లో ఎందరు బడి బయట ఉన్నారో ముందు తెలుసుకుని, ఉపాధ్యాయుని జీతాన్ని ప్రభుత్వ పద్దులో చేర్చాలన్న ఆలోచనను రెండు శతాబ్దాల క్రితమే కాగితంపై పెట్టిన పాలకునిగా మన్రో స్మరణీయుడు.