బురదలో బుడగ

మా సైన్సు కుర్రాళ్ళకి వోల్టా అంటే మీటరు మీద ముల్లు చూపించే అంకె. రికార్డు బుక్కులో అది రాసేసుకుంటాం. ఆ పేరు ఒక మనిషిదన్న ధ్యాస ఉండదు. నేనూ అంతే. నాకు ఆయన పరిచయమైంది బ్యాటరీ దగ్గర కాదు, బురద దగ్గర.

మాది కొల్లేటి పక్క పల్లె. దోనెలో వెళుతూ గెడ అడుక్కి గుచ్చితే బుడబుడమని బుడగలు లేచేవి. చేపలు కాబోలు అనుకునేవాణ్ణి. రాత్రిళ్ళు అటువైపు కొరివి దయ్యాలు తిరుగుతాయని మా నాయనమ్మ చెప్పేది గనక, ఎక్కువ ఆరా తియ్యలేదు. ఎమ్మెస్సీలో సముద్రం అడుగు మట్టిలో చేరే మీథేన్ గురించి పాఠం వచ్చింది. ఈ బుడగని మొదట సీసాలో బిగించి పరీక్షించినవాడెవరా అని లైబ్రరీలో వెతికితే వోల్టా దొరికాడు.

అలెస్సాండ్రో వోల్టా 1745 ఫిబ్రవరి 18న ఉత్తర ఇటలీలోని కోమో పట్నంలో పుట్టాడు. వంశం పెద్దదే గాని డబ్బు హరించుకుపోయింది. నాలుగేళ్ళ దాకా మాటలే రాలేదుట. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చదువు చెప్పిన జెసూట్ గురువులు తమలో కలుపుకుందామనుకున్నారు. ఇంట్లో పెద్దలు ప్లీడరుని చేద్దామనుకున్నారు. ఈయన రెండూ కాదని విద్యుత్తు వెంట పడ్డాడు. ఏ యూనివర్సిటీ మెట్లూ ఎక్కి చదవలేదు. (సప్లిమెంటరీ మిత్రులు కొంత ఊరట పొందవచ్చు!) ముప్ఫయ్యో ఏట సొంత ఊరి బడిలోనే ఫిజిక్సు మేష్టరయ్యాడు.

1776లో కాంపి అనే మతగురువు, ఒక ఊట దగ్గర మండే గాలి పుడుతోందని ఆయనకు తెలియజేశాడు. అప్పటినుంచీ వోల్టాకి అదే ధ్యాస. ఆ నవంబరులో మజ్జోరే సరస్సు మీద, అంజేరా ఊరి దగ్గర, పడవలో ఒడ్డు వెంట వెళుతూ రెల్లు మొలిచిన చోట కర్రతో బురద కెలికాడు. బుడగలు లేచాయి. వాటిని సీసాల్లో పట్టి నిప్పు చూపిస్తే నీలిమంటతో నింపాదిగా మండింది.

అమెరికాలో నీళ్ళమీద ఇలా మంట లేస్తుందని ఫ్రాంక్లిన్ అంతకు ముందే రాశాడు. లోహాల మీద ఆసిడ్ పోస్తే మండే గాలి వస్తుందని కావెండిష్ 1766లోనే చూపించాడు, అది హైడ్రోజన్. వోల్టా గొప్పల్లా ఈ రెండు గాలులూ ఒకటి కావని పట్టుకోవడం. బురదగాలి బాగా పేలాలంటే మామూలు గాలి చాలా ఎక్కువ కలపాలి. ఇప్పటి లెక్కలో ఒక పాలు మీథేన్‌కి దాదాపు పది పాళ్ళు గాలి కావాలి, హైడ్రోజన్‌కి రెండున్నర చాలు. మీథేన్ అన్న పేరు 1866లో గాని రాలేదు.

అంతటితో ఊరుకుంటే ఆయన గురించి ఇంత రాయను. ఇదెక్కడినుంచి వస్తోంది అని అడిగాడు చూడండి, అక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది. గుంటలూ చెరువులూ కెలుక్కుంటూ పోయాడు. ఆకులూ అలములూ చివికిన బురద ఉన్న చోటల్లా ఇదే గాలి! కాబట్టి చచ్చిన మొక్కలూ జీవాలూ కుళ్ళడం వల్లే పుడుతోందని తేల్చాడు. గాలి చొరని బురదలో సూక్ష్మజీవులు ఈ పని చేస్తాయని అప్పటికెవరికీ తెలియదు. ఆయన ఉత్తరాలు 1777లో పుస్తకంగా వచ్చాయి.

1778లో పావియా యూనివర్సిటీ పిలిచి ప్రొఫెసరు పని ఇచ్చింది. 1780లో ఆపినైన్ కొండల్లో పియెత్రామాలా అనే చోట నేలలోంచి మంటలు వస్తున్నాయంటే పోయి చూశాడు. పరీక్షిస్తే అదే గాలి. ఇక్కడ మాత్రం ఆయన తొందరపడ్డాడని నా అభిప్రాయం. గాలి ఒకటే గనక పుట్టుకా ఒకటే అనుకున్నాడు, నేల నూనెతో సంబంధం లేదన్నాడు. కాని మీథేన్‌కి రెండు పుట్టిళ్ళు. ఒకటి సూక్ష్మజీవుల బురద. రెండోది భూమి లోతుల్లో వేడికి ఉడికిన పాత జీవపదార్థం. ఇది నూనెకి తోబుట్టువు. రెంటి అణువూ ఒకటే, మంటా ఒకటే. తేడా కార్బన్‌లో దొరుకుతుంది. సూక్ష్మజీవులు తేలిక కార్బన్-12ని ఎక్కువ ఇష్టంగా వాడతాయి గనక వాటి మీథేన్‌లో కార్బన్-13 తక్కువ. లోతు గాలికి ఈథేన్, ప్రొపేన్ కూడా తోడొస్తాయి.

సముద్రం అడుగున ఇంకో చిక్కు. ఉప్పునీటి సల్ఫేటుతో బతికే బాక్టీరియా పై మట్టిలో తిండంతా ముందే కాజేస్తాయి. సల్ఫేటు అయిపోయిన లోతులో గాని మీథేన్ పెద్దగా పుట్టదు. పుట్టి పైకొచ్చినదాంట్లో చాలా భాగాన్ని దారిలోనే మరో సూక్ష్మజీవులు తినేస్తాయి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన కృష్ణా గోదావరి తీరానికి ఆవల సముద్రంలో తవ్వితే, మట్టిలో మంచులా గడ్డకట్టిన మీథేన్ దొరికింది. కార్బన్ పరీక్షలో అది ప్రధానంగా సూక్ష్మజీవుల సృష్టేనని తేలింది.

వోల్టా తక్కిన కథ అందరికీ తెలిసిందే. గాల్వానీ కప్పకాళ్ళతో వాదం, 1800లో రాయల్ సొసైటీకి బ్యాటరీ కబురు, 1801లో పారిస్‌లో నెపోలియన్ ఎదుట ప్రదర్శన. 1794లో, నలభైతొమ్మిదో ఏట, తెరెసాని పెళ్ళాడాడు; ముగ్గురు కొడుకులు. 1814లో ఫ్లామీనియో పోయాక, పాపం, బిరుదులేవీ ఆయన్ని ఓదార్చలేదు. 1827 మార్చి 5న కోమోలోనే కన్నుమూశాడు. ఆయన పనిముట్లలో చాలా భాగం 1899లో కోమో ఎగ్జిబిషన్ అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి.

మొన్న సెలవుల్లో నేనూ దోనె ఎక్కి, కిక్కిస దుబ్బుల మధ్య గెడ గుచ్చి, నీళ్ళు నింపిన సీసా బోర్లించి బుడగలు పట్టాను. ఒడ్డున అగ్గిపుల్ల గీశాను. నీలిమంట! అయితే మా పక్కనే కైకలూరు వైపు లోతు బావులు తవ్వి సహజవాయువు తీశారు. నా సీసాలోది నిన్నటి గుర్రపుడెక్క కుళ్ళినదా, ఆ లోతుల్లోంచి ఊరి వచ్చినదా? మంట చూసి చెప్పలేను, వోల్టా కూడా చెప్పలేడు. కార్బన్ తూచే యంత్రం మా డిపార్టుమెంటులో లేదు. రెండో సీసా బిరడా బిగించి, హాస్టల్ గదిలో మంచం కింద తలక్రిందులుగా దాచి ఉంచాను.