కత్తి ముందు కలియుగ భీముడు

శ్రీకాకుళంలో ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్ళినవాళ్ళకి కోడి రామమూర్తి స్టేడియం తెలుసు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం దగ్గర మనలో చాలామంది ఫోటోలు కూడా దిగాం. ఏనుగుని రొమ్ము మీదకి ఎక్కించుకున్నాయన అని మాత్రం అందరికీ గుర్తు. ఆ రొమ్ముకి, ఆ కాలికి తర్వాత ఏమైందో తెలిసినవాళ్ళు తక్కువ.

రామమూర్తి నాయుడు 1880ల తొలి ఏళ్ళలో వీరఘట్టంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే పినతండ్రి దగ్గర పెరిగారు. చదువు కంటే తాలింఖానాయే ఎక్కువ నచ్చింది. కుస్తీ పట్టారు, దండీలు, బస్కీలు తీశారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. మాంసం ముట్టరు, పెళ్ళి చేసుకోలేదు, ఆంజనేయ స్వామి భక్తుడు.

తర్వాత పొట్టి పంతులు అనే మిత్రుడితో కలిసి సర్కస్ కంపెనీ పెట్టారు. ఊపిరి బిగించి ఒంటికి చుట్టిన ఇనప గొలుసులు తెంపేవారు. కార్లని తాళ్ళతో కట్టి కదలకుండా ఆపేవారు. కలియుగ భీముడని, ఇండియన్ హెర్క్యులస్ అని బిరుదులొచ్చాయి.

ఏనుగు ఫీటులో బలంతో పాటు మన మెకానిక్స్ క్లాసు కూడా ఉంది. రొమ్ము మీద గట్టి చెక్క వేస్తే బరువు ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంటుంది. చెక్క విరిగిందా, అదే బరువు ఒక మొన మీదకి దిగుతుంది. విదేశీ పర్యటనలో ఒకసారి ఓర్వలేనివాళ్ళు గట్టి చెక్క తీసేసి బలహీనమైనది పెట్టారని, అది విరిగి ముక్క పక్కటెముకల్లో దిగిందని, ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్ళు మంచం మీద ఉన్నారని చెబుతారు. అప్పుడు ఆలోచించడానికి ఏమీ లేదు. గుచ్చుకున్నది తియ్యాల్సిందే.

అసలు కష్టమైన నిర్ణయం కాలి దగ్గర వచ్చింది. కాలి మీద లేచిన రాచపుండు మానలేదు. మల్లుడికి కాలంటే అన్నం పెట్టే చెయ్యి లాంటిది. తీయించుకుంటే గోదా మూసుకుపోయినట్టే. ఉంచుకుంటే విషం పైకి పాకుతుంది. ఇప్పటిలా యాంటీబయాటిక్ వేసి వారం చూద్దామనే వీలు అప్పట్లో లేదు. పెన్సిలిన్ మందుగా మొదట రోగులకి పడిందే 1941 ప్రాంతంలో, అదీ ఇంగ్లండులో. చివరికి ఆయన కాలు తీయించుకోడానికే ఒప్పుకున్నారు. మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో ఊపిరి నిలిపి కూర్చున్నారని మన వైపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమో గాని, మత్తు పుచ్చుకున్నా పుచ్చుకోకపోయినా, కాలు వదులుకుని బతుకు నిలుపుకోవాలనుకోవడమే పెద్ద ధైర్యం.

ఇప్పుడు కబడ్డీలోనో బైకు మీంచి పడో చెంప ఎముక విరిగినవాడికీ ఇదే ప్రశ్న: చేయించుకోవాలా, ఎప్పుడు? ఎముక పక్కకి జరగకపోతే చాలాసార్లు దానంతటదే అతుక్కుంటుంది. చెంప లోపలికి కుంగినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా సర్జన్‌తో తొందరగా మాట్లాడాలి. వాపు తీసేదాకా కొన్ని రోజులు ఆగి, సాధారణంగా రెండు వారాల్లోపు సరిచేస్తారు. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక చూద్దాంలే అని నెల దాటిస్తే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. అప్పుడు మళ్ళీ విరగ్గొట్టి సరిచేయాల్సి రావచ్చు. ఆగడానికీ ఒక గడువుంది.

రామమూర్తి నాయుడికి అంత వెసులుబాటు దొరకలేదు. సంపాదించిన డబ్బు దానధర్మాలకి పోయింది. చివరి రోజులు సొంతూరికి దూరంగా ఒడిశాలోని బలంగీర్‌లో గడిపి, 1942లో అక్కడే కన్నుమూశారు. వేల కిలోల బరువు మోసిన మనిషి ఆఖరి ఏళ్ళు ఒంటికాలి మీదే గడిపారు.

ఈసారి ఆ స్టేడియంలో మన కాలేజీ మ్యాచ్ పడితే, గేటు మీద పేరు చూసినప్పుడు ఏనుగుతో పాటు ఆ కాలినీ ఒకసారి తలుచుకోండి.